కామా మినహా నికర బరువు

తూనికలు, కొలతల శాఖవారి జిల్లా కార్యాలయంలో ఏ కాటాకూ ఎక్కని వస్తువు ఒక్కటే ఉండేది. అది వాకిట్లో గోడకు బిగించిన నల్లబల్ల. దాని నెత్తిన తెల్లరంగుతో ‘నేటి సూక్తి’ అని రాసి ఉంటుంది. మిగిలిన చోటంతా రోజుకొక వాక్యానిది. ఆ వాక్యాన్ని రాసేవాడు సీనియర్ అసిస్టెంట్ కూర్మారావు. రాయమని అతనికి ఎవరూ చెప్పలేదు, మానమని కూడా ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వ కార్యాలయంలో ఒక పని స్థిరపడిపోవడానికి ఈ రెండూ చాలు.

కూర్మారావు యవ్వనం నుండి తత్త్వగ్రంథాలు చదువుతున్నాడు. వాటివల్ల తనకేం ఒరిగిందో అతను తేల్చుకోలేకపోయాడు. ప్రశ్నలు పెరిగాయి, జుట్టు తగ్గింది. ఈ రెంటికీ సంబంధం ఉన్నదో లేదో గ్రంథాలు చెప్పలేదు. అయినా పొద్దున్నే సుద్దముక్కతో ఒక వాక్యం రాసి, వెనక్కి జరిగి దాన్ని చూసుకునే ఆ కాసేపు మాత్రం, తాను ఈ లోకంలో ఊరికే చోటు ఆక్రమించుకుని లేనని అతనికి అనిపించేది.

సరిగ్గా అప్పుడే మరియదాసు వచ్చేవాడు.

మరియదాసు అదే కార్యాలయంలో ఇన్‌స్పెక్టరు. బజారులో కాటాలకు, తూకపు రాళ్లకు ముద్ర వేయడం అతని ఉద్యోగం. కొట్లో తరుగునైనా ఒక్కోసారి క్షమించేవాడు గాని, వాక్యంలో కామాను క్షమించేవాడు కాదు.

“ఏటి గురూ, మళ్ళీ అక్కడ కొక్కెం తగిలించేవు?”

“కొక్కెం కాదు దాసూ, కామా.”

“తెలుగు వాక్యం ఏరులాంటిది. క్రియ వచ్చేదాకా దాని మానాన అది పారతాది. మధ్యలో నువ్వు గుంజ పాతి దాన్ని కట్టేస్తానంటే ఎలాగ?”

“చదివేవాడు మనిషి. నడవలేక ఎక్కడో అక్కడ కూర్చుంటాడు. మనం పీట వెయ్యాల. కామా అంటే పీట.”

“నువ్వు పీట వేస్తే వాడు లేస్తాడేటి? అక్కడే పడుకుంటాడు.”

ఇలా అంటూ మరియదాసు బొటనవేలు తడిచేసుకుని కామాను తుడిచేసేవాడు. కూర్మారావు మళ్ళీ పెట్టేవాడు. వాదం టీ కొట్టుదాకా నడిచి, అక్కడ గ్లాసుల్లో చల్లారేది. ఎవరూ గెలిచేవారు కాదు. ఎవరూ గెలవకపోవడంవల్లనే మర్నాడు మళ్ళీ కలుసుకోవలసివచ్చేది. ఇన్నేళ్ళలో వారిద్దరూ కామా గురించి తప్ప మరి దేని గురించీ గట్టిగా మాట్లాడుకున్న పాపాన పోలేదు. అయినా ఒకరికొకరు తెలియని సంగతి ఏదీ మిగల్లేదు.

కూర్మారావుకు ప్రాణంలాంటి వాక్యం ఒకటి ఉండేది. ఉద్యోగాల వేటలో తిరిగే రోజుల్లో, ఒక రైల్వే స్టేషన్లో కొన్న పకోడీల పొట్లం మీద అది కనిపించింది. ‘తెలియనిదాని ముందు, కాసేపు నిలబడు.’ కాగితం పైనా కిందా చిరిగిపోయింది. ఏ పుస్తకమో, ఎవరన్నారో తెలియదు. పైగా ‘ముందు’ అన్న మాట పక్కన నూనె మరక ఉంది. దాని కింద కామా ఉన్నదో లేదో కూడా తెలియదు. ఆ తర్వాత అతను ఎన్నో గ్రంథాలయాల్లో ఆ వాక్యాన్ని వెతికాడు. అది దొరకలేదు గాని, వెతుకుతూ ఉండడం అలవాటైంది. వారానికొకసారి, సోమవారంనాడు, దాన్నే బల్లమీద రాసేవాడు. ‘ముందు’ దగ్గర ఆగడమే దాని ప్రాణమని అతని వాదం. నిలబడమని వాక్యమే చెబుతున్నప్పుడు మళ్ళీ కామా చెప్పనక్కర్లేదని మరియదాసు వాదం.

కొత్త అసిస్టెంట్ కంట్రోలర్ పరాంకుశంగారు ఉద్యోగంలో చేరినది కూడా ఒక సోమవారమే.

ఆయన జీపు దిగేసరికి ఇద్దరు ఉద్యోగులు బల్ల ముందు నిలబడి ఒక కామా కోసం తగవులాడుకుంటున్నారు. కాటాకు ముద్ర వేయించుకోవడానికి వచ్చిన ఒక కూరగాయలావిడ బల్లకేసి చూస్తూ పెదవులు కదుపుతోంది. పరాంకుశంగారు తగవును పట్టించుకోలేదు. ఆయన దృష్టి ఆవిడ పెదవుల మీద పడింది.

“ఆమె ఏమి చేయుచున్నది?”

“చదువుకుంటోందండి,” అన్నాడు కూర్మారావు.

“అనగా స్వీకరించుచున్నది. స్వీకరించువారు వినియోగదారు. స్వీకరింపబడునది వస్తువు. ఆ వస్తువును ప్రజలకు సరఫరా చేయుచున్నది ఈ కార్యాలయం. దీని నికర పరిమాణం ఎక్కడ?”

“అది వాక్యం సార్.”

“బిస్కట్టు కూడా బిస్కట్టే. అయినను బరువు ముద్రించుచున్నారు గదా. ఉత్పత్తిదారు పేరు ఏది? చిరునామా ఏది? ఏ నెలలో తయారైనది? ఎప్పటిలోగా వినియోగించవలెను? పక్కవీధి కిరాణాకొట్టువాడు ఇవి లేకుండా పప్పు పొట్లం అమ్మిన మనం కేసు వ్రాయుదుము. మన గుమ్మములోనే ముద్ర లేని సరుకు వేలాడుచుండిన శాఖ పరువేమగును?”

ఆయన అన్నదాంట్లో తప్పు ఎక్కడుందో కూర్మారావుకు వెంటనే తోచలేదు. తర్కం పుస్తకాల్లో ఇలాంటి చోట ఒక మెట్టు జారి ఉంటుందని చెబుతారు. కాని పరాంకుశంగారు ఒక్కో మెట్టూ గట్టిగా తొక్కుకుంటూనే దిగారు. దిగిన చోటు మాత్రం నుయ్యి.

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. ‘ఈ కార్యాలయ పరిధిలో ప్రదర్శింపబడు ప్రతి సూక్తియు, పొట్లముగా కట్టి విక్రయింపబడు సరుకుతో సమానముగా పరిగణింపబడి, తత్సంబంధిత ప్రకటనలన్నియు కలిగి యుండవలెను. ఉల్లంఘన తీవ్రముగా పరిగణింపబడును.’

మొదటి చిక్కు బరువు దగ్గర వచ్చింది. వాక్యాన్ని ఎలా తూస్తారు? పరాంకుశంగారు దానికీ మార్గం చూపించారు. సూక్తి రాయకముందు సుద్దముక్కను తూయాలి, రాశాక మళ్ళీ తూయాలి. తగ్గినదే సూక్తి బరువు.

తూకపు రాళ్లను పరీక్షించే సున్నితమైన త్రాసు ఒకటి అద్దాల పెట్టెలో ఉండేది. గాలి తగిలితే దాని ముల్లు వణుకుతుంది. అందుచేత రోజూ పొద్దున్నే కార్యాలయంలోని పంకాలన్నీ ఆపి, కిటికీలు మూసి, అందరూ ఊపిరి సన్నంగా తీసుకుంటూ ఉండగా సుద్దముక్క తూకం జరిగేది. సూక్తి ‘చల్లని మనసు’ గురించి అయిన రోజున కూడా చెమటలు ఆగేవి కావు.

“మరి కింద రాలిన పొడి సంగతేటండి?” అని మరియదాసు వినయంగా అడిగాడు.

“రవాణా నష్టం,” అన్నారు పరాంకుశంగారు, తల ఎత్తకుండా.

ఉత్పత్తిదారు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, వినియోగపు గడువు, ఫిర్యాదుల ఫోను ఇవన్నీ రాసేసరికి బల్ల నిండిపోయింది. సూక్తి కుడివైపు కింది మూలకు చేరింది. వంగి చూస్తేగాని కనిపించేది కాదు. అయినా జనం వంగి చూశారు. ఇన్ని హామీలున్న సరుకు ఏమిటోనన్న కుతూహలం వారిది.

ఫోను కూడా మోగడం మొదలెట్టింది. “మీ సూక్తి చూసి ఓపిక పట్టేనండి. బస్సెల్లిపోయింది,” అని ఒకాయన చెప్పాడు. ‘ఇది వస్తులోపమా, వినియోగలోపమా విచారించి నివేదించునది’ అని పరాంకుశంగారు ఆ ఫిర్యాదు మీద రాశారు. మరియదాసు బస్టాండుకు వెళ్ళి విచారించాడు. వినియోగదారు ఓపిక పట్టింది బస్టాండులో కాదు, పక్కనున్న హోటల్లో అని తేలింది. సూక్తి నిర్దోషిగా బయటపడింది.

ఇంతవరకు ఇద్దరు మిత్రులకూ ఇది సరదాగానే ఉంది. పీకలమీదికి తెచ్చింది మరియదాసు నోరే.

ఒక సోమవారం సుద్దముక్క తూకం అయ్యాక, ఊరుకోలేక, అతను అన్నాడు. “అయితే సార్, ఇందులో మావోడి కామా బరువు కూడా కలిపేరాండి?”

అందరూ నవ్వారు. పరాంకుశంగారు నవ్వలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

“ముఖ్యమైన ప్రశ్న. బిస్కట్టు బరువులో పైకాగితమును కలుపరాదు. కామా సరుకా, పైకాగితమా?”

“సరుకేనండి,” అన్నాడు కూర్మారావు, ఆలోచించకుండానే. “ఆగడం కూడా మాటలో భాగమే.”

“పైకాగితవేనండి,” అన్నాడు మరియదాసు, అలవాటుకొద్దీ. “విప్పి పారేసినా లోపలున్నది తరగదు.”

“అనగా ఒకరు ప్రజలకు సరుకు తగ్గించి ఇవ్వజూచుచున్నారు. లేనియెడల మరొకరు పైకాగితమును తూచి సరుకుగా చూపించుచున్నారు. రెండూ నేరములే. ఎవరిది నేరమన్నది మాత్రమే తేలవలసియున్నది.” పరాంకుశంగారి ముఖంలో ఒక ప్రశాంతత కనిపించింది. “మీరు వాది. మీరు ప్రతివాది. విచారణ ముగియు పర్యంతము ఉభయులును ఈ విషయమును గూర్చి పరస్పరం సంభాషించరాదు.”

విషయం కామా. వారికి వేరే విషయం లేదు. అందుచేత ఆనాటినుండి వారి మధ్య మాటలు లేవు.

బల్లలు పక్కపక్కనే ఉండేవి. మరియదాసు వచ్చి సంచి పెట్టేవాడు, ఏదో అనబోయేవాడు, దగ్గేవాడు. కూర్మారావు ఆ దగ్గుకు జవాబుగా ఫైలు తిరగేసేవాడు. టీ కొట్టులో ఇద్దరూ చెరోవైపు తిరిగి తాగేవారు. వాళ్ళ వాదం కోసమే టీ మరిగించేవాడిలా కనిపించే ఆ కొట్టువాడు, “ఏటండీ, ఇంట్లో ఎవరైనా పోయేరా?” అని అడిగాడు కూడా.

మౌనం జ్ఞానానికి దారి అని కూర్మారావు ఎన్నో పుస్తకాల్లో చదివాడు. ఇప్పుడు మౌనం పుష్కలంగా దొరికింది. దాంట్లో కూర్చుని చూస్తే జ్ఞానమేమీ కనబడలేదు. తాను ఇంతకాలం సొంతమనుకున్న ఆలోచనల్లో సగం, దాసు కాదంటాడనే భయంతో పుట్టినవని మాత్రం తెలిసింది. కాదనేవాడు లేకపోయేసరికి అతనికి తన వాక్యాలమీద నమ్మకం సడలింది. తుడిచేవాడు లేక, బల్లమీద కామా రోజంతా అలాగే ఉండేది. దాన్ని చూస్తే జాలేసేది.

ఈలోగా ఉత్తర్వు గుమ్మం దాటి ఊళ్ళోకి నడిచింది. కార్యాలయంలో సూక్తి సరుకైనప్పుడు, వీధిలో సూక్తి మాత్రం సరుకు కాకుండా ఎలా పోతుంది? మంగలిదుకాణం గోడలూ, పెళ్ళిశుభలేఖలూ, ఆటోల వెనుకభాగాలూ తనిఖీ అయ్యాయి. మొదట దొరికినవాడు సన్యాసి అనే ఆటోడ్రైవరు. అతని బండి వెనుక ‘ఇల్లు చేరినోడిదే వేగం’ అని రాసి ఉంది.

“ఉత్పత్తిదారు ఎవరు?” అని పరాంకుశంగారు అడిగారు.

“మా ఇంటిదండి.”

ఇంటిదాన్ని పిలిపించారు. ఎర్రయ్యమ్మ చీరకొంగు బిగించుకుని నిలబడింది. “నానన్నదొకటి, ఈడు రాయించిందొకటి బాబూ. ‘తాగొచ్చి ఇల్లు సేరలేనోడికి ఆటో ఎందుకు, ఏగం ఎందుకు’ అన్నాను. ఈ మనిషి దాన్ని ఉతికి, ఇస్త్రీ సేసి, ఎనకాల రాయించేడు.”

“అనగా మీరు ముడిసరుకు సరఫరాదారు. ఈయన తయారీదారు,” అన్నారు పరాంకుశంగారు, రాసుకుంటూ. “తయారీలో ఘాటు తగ్గించబడినది. అది కల్తీ కింద వచ్చునేమో పరిశీలించవలెను.”

“కల్తీయే బాబూ, రాసుకోండి,” అంది ఎర్రయ్యమ్మ.

ఇది తెలిశాక ఊళ్ళో కొత్త ఉత్సాహం పుట్టింది. సూక్తికి ఉత్పత్తిదారుగా నమోదైతే ఒక నంబరు ఇస్తారు. నంబరు ఉంటే గౌరవం. పింఛనుదారులు, వార్డు పెద్దలు, పెళ్ళిళ్ళ బ్రోకర్లు తమ జీవితానుభవాలను చిన్న చిన్న పొట్లాలుగా కట్టుకుని వరసలో నిలబడ్డారు. సూక్తులకు గడువు తేదీ కూడా నిర్ణయించాల్సివచ్చింది. ఓర్పు మీద సూక్తులకు ఒక నెల, ప్రేమ మీద వాటికి పెళ్ళయ్యేదాకా, నిజాయితీ మీద వాటికి ఉద్యోగవిరమణ వరకు అని పరాంకుశంగారు ఖరారు చేశారు.

ఇక కార్యాలయంలోని సూక్తుల వంతు వచ్చింది. ఇంతవరకు ఉత్పత్తిదారు పేరు దగ్గర ‘విచారణలో ఉన్నది’ అని రాసి నెట్టుకొచ్చారు. ఒక్కొక్కటిగా ఉత్పత్తిదారులు తేలారు. తేలనిది ఒక్కటే. పరాంకుశంగారు కూర్మారావును గదిలోకి పిలిచారు. కుర్చీ చూపించారు. ఆయన అలా చూపించడం అదే మొదలు.

“‘తెలియనిదాని ముందు’ అను వాక్యమునకు ఉత్పత్తిదారు ఎవరు?”

“తెలీదండి.”

“దొరికిన స్థలం?”

“పకోడీల పొట్లమండి.”

“పకోడీలవాడు?”

“ఆ స్టేషనే ఇప్పుడు లేదండి. లైను మారిపోయింది.”

పరాంకుశంగారు పెన్నుకు మూత పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. “చూడండి కూర్మారావుగారూ. అనాథ సరుకును ధ్వంసము చేయవలెనని నియమం. మీరు దీనియందు అభిమానం గలవారని వినియున్నాను. ఒక మార్గం కలదు. ఉత్పత్తిదారు స్థానంలో మీ పేరు వ్రాయుడు. ఆక్షేపించువారు లేరు. కామాతో సహా మీదే అగును.”

గదిలో పంకా తిరుగుతోంది. కూర్మారావు తన పేరును ఆ వాక్యం కింద ఊహించుకున్నాడు. అందంగానే ఉంది. అది అతన్ని భయపెట్టింది. ఇన్నేళ్ళు ఆ వాక్యం ముందు నిలబడినవాడు ఒక్క సంతకంతో దాని వెనక్కి వెళ్ళి కూర్చోవచ్చు. ఆ తర్వాత ఇక నిలబడనక్కర్లేదు. వెతకనక్కర్లేదు. దాసుతో వాదించడానికీ ఏమీ మిగలదు, తన సరుకులో తన కామాను కాదనే హక్కు ఎవరికుంటుంది?

“నేను దీని ఉత్పత్తిదారుణ్ణి కానండి,” అన్నాడు. “వినియోగదారుణ్ణి.”

“మరొకసారి ఆలోచించుడు. ధ్వంసమైన పిమ్మట మరల దొరకదు.”

“పోతే బాధపడతానండి. కాని నాదని రాస్తే, ఉన్నా లేనట్టే.”

పరాంకుశంగారు నిట్టూర్చి, ఫైలు మీద ‘ధ్వంసము’ అని రాశారు.

బయటికి వచ్చేసరికి మరియదాసు వరండాలో నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి అంతా విన్నాడని ముఖమే చెబుతోంది. మాట్లాడడానికి వీల్లేదు. అతను ముందుకొచ్చి, కూర్మారావు చొక్కా భుజంమీద అంటిన సుద్దపొడిని చేత్తో దులిపి వెళ్ళిపోయాడు.

దొంగ తూకపు రాళ్లను సుత్తితో పగలగొడతారు. వాక్యాన్ని ఏం చేయాలి? బల్లమీద తుడిచేస్తే సరిపోదని పరాంకుశంగారు గ్రహించారు. ఏళ్ళ తరబడి ఎంతోమంది దాన్ని చదివారు. ఆ నిల్వలన్నీ ఇంకా వారి తలల్లో ఉన్నాయి. నిల్వలు స్వాధీనం చేసుకోకుండా ధ్వంసం పూర్తికాదు.

సన్యాసి ఆటోకు మైకు కట్టి ఊరంతా చాటించారు. “నిషేధించబడిన వాక్యము కలిగియున్నవారు తూనికల కార్యాలయంలో అప్పగించవలెను.” ఏ వాక్యమో మాత్రం చాటించలేదు. చాటిస్తే అది సరఫరా అవుతుంది. అందుచేత ఊళ్ళోవాళ్ళు ఎందుకైనా మంచిదని తమ దగ్గరున్న వాక్యాలన్నీ పట్టుకొచ్చారు. ఇంటి యజమాని బెదిరింపులు, మామగారి సలహాలు, ఎప్పుడో ఎవరో రాసిన ప్రేమలేఖలో మిగిలిన ఒక్క ముక్క అన్నీ వచ్చాయి. స్వాధీనం చేసుకునే కిటికీ దగ్గర కూర్మారావును కూర్చోబెట్టారు. పక్కన పరాంకుశంగారు కూర్చుని ప్రతి వాక్యాన్నీ స్వయంగా విని ధ్రువీకరించేవారు. వాక్యం అప్పగించినవారు ‘ఇకమీదట మరచితిని’ అని సంతకం పెట్టాలి.

“మర్చిపోయేనో లేదో గుర్తెట్టుకోవాలా బాబూ?” అని ఒక ముసలాయన అడిగాడు. దానికి నిబంధన దొరకలేదు.

వారిలో అసలు వాక్యం ఉన్నవారు చాలామందే వచ్చారు. కూర్మారావు ఊహించనంత మంది. పూలకొట్టాయన దాన్ని గడగడా ఒక్క ఊపున చెప్పేశాడు. ఒక పంతులమ్మ ‘ముందు’ దగ్గర ఆగి, కిటికీలోంచి లోపలికి చూసి, మిగతాది చెప్పింది. కాటా ముద్రకు వచ్చిన కూరగాయలావిడ ప్రతి మాట దగ్గరా ఆగింది. ఆవిడ దాన్ని తన కూతురు కాన్పుకి ఆసుపత్రి బయట కూర్చున్న రాత్రి తలచుకున్నానని చెప్పి, “మరిప్పుడు ఒగ్గేయాలా?” అని అడిగింది. కూర్మారావు తలొంచుకుని సంతకం కోసం కాగితం జరిపాడు. తన ప్రాణంలాంటి వాక్యం ఇన్ని గొంతుల్లో, ఇన్ని ఆగుళ్ళతో, కామా ఉండీ లేకా బతికేస్తోందని అతనికి అప్పుడు తెలిసింది. అది పోతున్న రోజునే తెలిసింది.

పరాంకుశంగారు అన్నీ విన్నారు. మొదట పెన్నుతో టిక్కులు పెడుతూ విన్నారు. తరువాత పెన్ను పక్కన పెట్టి విన్నారు. కిటికీ మూసే వేళకు ఆయన పెదవులు వాటంతటవే కదులుతున్నాయి.

అప్పుడు మరియదాసు లేచి నిలబడ్డాడు. మాటల నిషేధం కూర్మారావుతోనే గనుక అధికారిని సంబోధించవచ్చు.

“సార్, ఒక సందేహం. తమరి సమక్షంలో స్వీకరింపబడిన నిషిద్ధ సరుకు ప్రస్తుతం ఎక్కడ భద్రపరచబడియున్నది?”

“ఎక్కడ అనగా?”

“జనం అప్పగించేరు. మరచితిమని సంతకం కూడా పెట్టేరు. తమరు స్వీకరించేరు. మరచినట్టు తమరు ఎక్కడా సంతకం పెట్టలేదండి. దాన్నిబట్టి జిల్లాలో నిల్వంతా ప్రస్తుతం ఒక్కచోటే ఉంది.”

పరాంకుశంగారు లేచారు. మళ్ళీ కూర్చున్నారు. చాలాసేపు తనలో తాను వెతుక్కున్నారు. ఆయన నిజాయితీపరుడు గనుక, వెతికినచోట దొరికింది.

“నిజమే,” అన్నారు చివరకు. “కలదు.”

మరచితినని సంతకం పెట్టమని ఎవరో మెల్లగా సలహా ఇచ్చారు. ఆయన తల అడ్డంగా తిప్పారు. “మరచియుండలేదు. ఎట్లు సంతకం చేయుదును?” ఆయన తనమీద తానే కేసు రాసుకుని, సరుకును పై అధికారికి అప్పగించడానికి మర్నాటి బస్సుకు రాజధాని వెళ్ళారు.

అక్కడ ఏం జరిగిందో గౌరీశు ద్వారా తెలిసింది. గౌరీశు అటెండరు, ఫైళ్ళు మోసుకుని ఆయన వెంట వెళ్ళినవాడు. “మన సారు కంట్రోలరు దొరగారి ముందు నిలబడి, నిబంధన ప్రకారం ఆ మాట అప్పసెప్పేడు బాబూ. ఇంకేటి, దొరగారికి అంటుకుంది. ఆయన పైకి పరిగెట్టేడు. పైనోళ్ళు ఇంకా పైకి. నేను చూస్తుండగానే ఆ బిల్డింగులో అంతస్తు అంతస్తుకీ ఎక్కిపోయింది. ఆఖర్న ఎవరో పెద్దాయన మంచి సలహా ఇచ్చేడు. అందరికీ తెలీకపోవడం వల్లే గదా ఈ గొడవ, ఏ వాక్యం నిషేధమో రాష్ట్రమంతటికీ స్పష్టంగా తెలియజేసేద్దారి అన్నాడు.”

సర్క్యులరు వచ్చింది. పెద్ద అక్షరాల్లో అచ్చయింది. ‘క్రింద పేర్కొనబడిన వాక్యమును ఎవరును చదువరాదు, చదివించరాదు, కలిగియుండరాదు. ఈ ప్రతిని అన్ని కార్యాలయములందును, బస్టాండులందును, ఆసుపత్రులందును అందరికీ కనిపించునట్లు శాశ్వతముగా ప్రదర్శింపవలెను.’ దాని కింద, అన్నిటికంటే లావు అక్షరాల్లో, ఆ వాక్యం. ఇంకా కింద కంట్రోలర్ సంతకం, కార్యాలయ చిరునామా, నెల, ఫోను నంబరు.

పరాంకుశంగారు దాన్ని స్వయంగా నల్లబల్ల మీద అంటించారు. అంటించి, అలవాటుకొద్దీ తనిఖీ చేశారు. పేరు ఉంది. చిరునామా ఉంది. నెల ఉంది. ఫిర్యాదుకు ఫోను ఉంది. శాశ్వతముగా అన్నారు గనుక గడువు కూడా ఉన్నట్టే. కాగితం మందం నుంచి బరువు కట్టవచ్చు.

“అన్ని ప్రకటనలును కలవు,” అన్నారు నెమ్మదిగా. “ఈ వాక్యమందు నాకు లోపమేమియు కనిపించుటలేదు.” ఆయన గొంతులో ఓటమికంటే ఉపశమనమే ఎక్కువ వినిపించింది. కాసేపు దాని ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, తన గదిలోకి వెళ్ళిపోయారు.

బల్ల ముందు ఇద్దరే మిగిలారు.

కూర్మారావు సర్క్యులరు చదివాడు. మరియదాసు చదివాడు. ఇద్దరి కళ్ళూ ఒకచోటే ఆగాయి. రాజధానివారు ఆ వాక్యాన్ని ఇలా అచ్చు వేయించారు: ‘తెలియనిదాని ముందు కాసేపు, నిలబడు.’

విచారణలో ఉన్న కామా ‘ముందు’ పక్కది. ఇది వేరే కామా. దీని గురించి మాట్లాడకూడదని ఏ ఉత్తర్వూ లేదు. ఈ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

“దాసూ, అక్కడా పెడతారు కామా?”

“మనుషులెవరైనా పెడతారేటి గురూ?”

“తప్పు.”

“శుద్ధ తప్పు.”

“పెడితే ‘ముందు’ దగ్గర పెట్టాల, లేకపోతే మానేయాల.”

“అదే నేనూ అంటాను. పెడితే అక్కడే, లేకపోతే మానేయాల.”

ఆ తర్వాత ఇద్దరూ ఆగిపోయారు. ఇన్నేళ్ళలో వారు ఒక విషయంమీద ఏకాభిప్రాయానికి రావడం ఇదే మొదలు. వచ్చాక ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. టీ కొట్టువైపు నడవడానికి వాదం ఉండాలి. వాదం లేదు. ఏకాభిప్రాయం చాలా చల్లగా, ఖాళీగా ఉంది. అందులో కూర్చోడానికి చోటు లేదు.

మరియదాసు సర్క్యులరుకు మొహం ఇంకా దగ్గరగా పెట్టాడు. చాలాసేపు వెతికాడు. మెల్లగా అతని మొహం విప్పారింది.

“అది సరేగాని గురూ,” అన్నాడు, వేలితో వాక్యం చివర తాకి, “ఆ వరసలో ఒక్కటే వాక్యం ఉన్నప్పుడు, ఆ చివర చుక్కెందుకంటావు? దాని తర్వాత ఇంకో వాక్యమేదీ వచ్చి గుద్దుకోదు గదా.”

కూర్మారావు గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు.

“చుక్క లేకపోతే ఎలాగ దాసూ? అయిపోయిందని చదివేవాడికి ఎవరు చెబుతారు?”

“అయిపోయిందని నీకెవరు చెప్పేరు?”

“పద, నడుస్తూ చెబుతాను,” అన్నాడు కూర్మారావు.